కింది ఇంట్లో కూర్చుని విన్న మనిషి

పోయిన శనివారం మా హాల్లో గోడవారన చెక్క పట్టీ ఒకటి ఊడిపోయింది. అలాంటి ముక్కే దొరుకుతుందేమోనని కొత్తగూడలో ఫ్లోరింగ్ సామాన్లు అమ్మే షాపుకి వెళ్లాను. షాపతను పట్టీలు వెతుకుతూ, మీ ఇంట్లో ఎవరు వేశారు సార్ అని అడిగాడు. మొదట వేసినాయన పేరు చెప్పాను. వెతుకుతున్న చెయ్యి ఆగింది.

"ఆయన పోయిండు సార్. దసరా ముంగట. జీడిమెట్లల ఏదో కెమికల్ యూనిట్ల మల్ల పనికి కుదిరిండు. ఊపిరాడలే అన్నరు. దవాఖానల నాలుగు రోజులున్నడు, గంతే."

"మళ్లీ ఆ పనికెందుకు వెళ్లాడు?"

"ఇగ ఏం జేస్తడు సార్? నల్లగండ్ల దిక్కు ఏదో కమ్యూనిటీల ఎవడో ఆయన మీద గ్రూపుల రాసిండంట. గది ఈ గ్రూపుకెల్లి ఆ గ్రూపుకు, కోకాపేట దాంక పోయింది. పనిచ్చేటోడే లేకపాయె. గసొంటి పనోడు ఈ లైనుల లేడు సార్, నిజం జెప్తున్న."

ఆ ఎవడో నేనే. పట్టీ తీసుకుని బయటికొచ్చాను. కారులో కూర్చున్నాను గానీ చాలాసేపు బండి తీయలేకపోయాను. వెనక వచ్చిన వాళ్లు హారన్ కొడుతుంటే అప్పుడు కదిలాను.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఒకసారి రాశాను కదా, చాలు.

మొత్తం కలిపితే ఆయన నాకు తెలిసింది ఇరవై రోజులు కూడా ఉండదు. యాభై దాటిన మనిషి. బక్కగా, కాస్త ముందుకి వంగి నడిచేవాడు. పాత హవాయి చెప్పుల అడుగులు కోసి, సైకిల్ ట్యూబు ముక్కలతో మోకాళ్లకి కట్టుకునేవాడు. బజార్లో మంచి ప్యాడ్లు దొరుకుతాయి కదండీ అంటే, "గవి జారుతయి సార్. ఇవైతే నా మాటింటయి" అనేవాడు. టీ ఇస్తే కిటికీ గట్టు మీద పెట్టి మర్చిపోయేవాడు. అది చల్లారి మీగడ కట్టాక ఒక్క గుక్కలో తాగేసి, "మస్తుందమ్మా చాయ్" అని గ్లాసు తానే కడిగి పెట్టేవాడు. వేడి చేసి ఇస్తానని మా అత్తయ్యగారు ఎన్నిసార్లన్నా ఒప్పుకునేవాడు కాదు.

ఆయనకి వాసన తెలియదు. జీడిమెట్లలో పదకొండేళ్లు యాసిడ్ల మధ్య పనిచేసి ముక్కు పోగొట్టుకున్నాడు. దగ్గు మాత్రం మిగిలింది. ఆ సంగతి ఆయనే నవ్వుతూ చెప్పాడు. అందుకని ఏ ఇంటికి వెళ్లినా ముందు ఆ ఇంటివాళ్లలో ఒకర్ని పట్టుకుని గోడ మూలలు వాసన చూడమనేవాడు. "చెమ్మ వాసనొస్తుందా సార్? జర మంచిగ సూడుండ్రి, నాకు తెల్వది." ఆఫీసులో నలభై మందికి మేనేజర్ని నేను. నా చేత బాత్రూం గుమ్మం దగ్గర మోకాళ్ల మీద కూర్చోబెట్టి వాసన చూపించాడు. నాకు ఒళ్లు మండింది. రావట్లేదు అని చెప్పాక కూడా నమ్మలేదు. చొక్కా చేతులు పైకి మడిచి, టైల్స్ మీద బోర్లా పడుకుని, చెంప నేలకి ఆనించి కళ్లు మూసుకున్నాడు. రెండు మూడు నిమిషాలు అలాగే ఉండిపోయాడు. నిద్రపోయాడేమోనని మా ఆవిడ నా వంక చూసింది. ఆయన లేచి, జరిగి, మరో చోట పడుకున్నాడు. అలా ఇల్లంతా చెంపతో తడిమాడు.

మా అమ్మాయి సంగతి చెప్పకపోతే ఇదంతా ఎందుకో తెలియదు. అప్పటికి దానికి పన్నెండేళ్లు. మాటలు రావు. సంతోషం వేసినా, భయం వేసినా, ఏమీ తోచకపోయినా నిలబడిన చోటే గెంతుతుంది. రెండు కాళ్లూ కలిపి, చేతులు గుండెకి దగ్గరగా పెట్టుకుని, గంటకి పైగా గెంతగలదు. ఆపబోతే తన చెయ్యి తనే కొరుక్కుంటుంది. కింది వాళ్ల ఫిర్యాదులతో కొండాపూర్‌లో, మియాపూర్‌లో, మళ్లీ కొండాపూర్‌లో మూడు అద్దె ఇళ్లు ఖాళీ చేశాం. చివరికి అప్పో సప్పో చేసి నల్లగండ్లలో ఈ ఫ్లాటు కొనుక్కున్నాం. ఈ టవర్లలో నేల మీద అంతా పార్కింగే, ఇళ్లు ఉండవు. ఎక్కడ కొన్నా కింద ఎవరో ఒకరు ఉంటారు.

మా కింద ఉన్నది రిటైరైన బ్యాంకు ఆఫీసరుగారు, ఆయన భార్య. ఆవిడకి తలనొప్పి జబ్బు. వచ్చిందంటే చీకటి గదిలో రెండు రోజులు పడుకోవాల్సిందే. మా అమ్మాయి సరిగ్గా ఆ గది మీదే గెంతేది. వాళ్లు చెడ్డవాళ్లయితే నేను పోట్లాడి ఉండేవాణ్ణి. పైకి వచ్చి, గుమ్మంలో నిలబడి, "ఏమీ అనుకోకండి, ఇవాళ అసలు లేవలేకపోతోంది" అని నెమ్మదిగా చెప్పి వెళ్లేవారు. ఆఖరికి కమిటీకి ఉత్తరం పెట్టారు. కమిటీ మాకు నెల రోజులు గడువిచ్చింది. ఇంతకు ముందైతే ఇల్లు ఖాళీ చేసి పోయేవాళ్లం. ఇది సొంతిల్లు, ఇంకెక్కడికి పోతాం?

చెక్క ఫ్లోరింగ్ వేయిస్తే చప్పుడు తగ్గుతుందని ఆఫీసులో ఎవరో అన్నారు. రెండు కంపెనీల వాళ్లని పిలిచాను. ఇద్దరూ రంగుల పుస్తకాలు తెచ్చి సోఫాలో కూర్చున్నారు. టేకు రంగా, అక్రోటు రంగా అని అడిగారు. చెక్క కింద ఏం పరుస్తారు అంటే, "ఫోమ్ షీట్ సార్, అది ఫ్రీ" అన్నారు ఇద్దరూ. మూడోవాడుగా ఈయన వచ్చాడు. లిఫ్టు దగ్గరే చెప్పులు వదిలేసి వచ్చాడు. చేతిలో రంగుల పుస్తకం లేదు. ఒక గోనెసంచి ఉంది.

"ఎందుకేయించుకుంటున్నరు సార్? అందానికా, ఇంకేమన్ననా?"

చెప్పాను. చెబుతుండగానే లోపలి గదిలో అమ్మాయి మొదలుపెట్టింది. ఆయన తల తిప్పి విన్నాడు.

"అయితే నేను ఈడ సూసుడు కాదు సార్. కింద కూసోని ఇనాలె. మనకిది నేల, ఆళ్లకు నెత్తి."

కింది వాళ్ల ఇంటికి పనివాణ్ణి ఎలా పంపిస్తాం? నేను తటపటాయిస్తుంటే ఆయనే వెళ్లి బెల్లు కొట్టాడు. ఏం చెప్పాడో తెలియదు, వాళ్లు లోపలికి రానిచ్చారు. వాళ్ల ఇంట్లో కూర్చునే ముందు మళ్లీ పైకొచ్చి, కింద బండిలోంచి తెచ్చిన నమూనా చెక్క పలకలు ఎనిమిదింటిని మా అమ్మాయి గదిలో ఒకదానికొకటి బిగించి మంచమంత వేదికలా చేశాడు. గోనెసంచిలోంచి మూడు షీట్లు తీశాడు. తెల్ల ఫోమ్, బెరడు రంగు కార్క్, నల్ల రబ్బరు. నేను వాటిని ఒకటొకటిగా ఆ పలకల కింద పెట్టాలి, అమ్మాయి వాటి మీద గెంతాలి, ఆయన కింది ఇంటి పడకగదిలో కూర్చుని వింటాడు. నా ఫోన్ స్పీకర్లో పెట్టించాడు.

"ఆఁ, ముందుగాల ఉత్త నేల మీద. దుంకు బిడ్డా!"

అది నిలబడి ఫోన్ వంక చూసింది. పుట్టి పన్నెండేళ్లలో దాన్ని గెంతమని అడిగినవాడు లేడు. వద్దు, ఆగు, కూర్చో, ష్... ఇవే అది విన్న మాటలు. డాక్టర్లు అన్నదీ అదే, మేం అన్నదీ అదే.

"దుంకు బిడ్డా, ఏం ఫికర్ లేదు. నేను ఇంటున్న."

గెంతింది.

"గుండె మీద కొట్టినట్టున్నది సార్. పాపం ఈ అమ్మకు ఎట్లనో ఏమో. ఇగ తెల్లది పెట్టుండ్రి."

ఫోమ్ పెట్టాను. "డప్పు లెక్కున్నది. గిది ఫ్రీగ ఇచ్చినా తీస్కోవద్దు" అన్నాడు. కార్క్ పెట్టాను. "జర నయం" అన్నాడు. రబ్బరు పెట్టాను. అమ్మాయికి అప్పటికి ఆట అర్థమైంది. ముఖమంతా నవ్వు. కిందికి ఊగి, ఉన్న బలమంతా పెట్టి గెంతింది. ఫోన్లోంచి మాట లేదు.

"దుంకిందా సార్?"

"నాలుగుసార్లు."

"మల్ల దుంకుమనుండ్రి."

"గెంతుతూనే ఉందండీ!"

తర్వాత కింది ఆవిడ గొంతు, "నిజంగా గెంతుతోందా?" అని. మా ఆవిడ గుమ్మానికి ఆనుకుని చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన అన్నాడు, "ఇగ ఇదే సార్. ఇది మందం ఎక్కువ, మోసుడు కష్టం. అయినా ఇదే."

పలకలు వచ్చాక రెండు రోజులు వాటిని విప్పి గదిలో ఊరికే పరిచి ఉంచాడు. ఈ ఇంటి గాలికి అవి అలవాటు పడాలట. గడువు దగ్గర పడుతోందని నేను అరిస్తే, "మీరు కొత్తింట్లకు రాంగనే నిద్రవట్టిందా సార్?" అన్నాడు. గోడ పొడుగునా చిటికెన వేలంత ఖాళీ వదిలి, దాన్ని పట్టీతో కప్పేశాడు. ఎండకీ వానకీ చెక్క సాగుతుంది కాబట్టి ఆ ఖాళీ ఉండాలి. నీళ్లు పడితే తిన్నగా రబ్బరు మీదికి దిగేదీ ఆ ఖాళీలోంచే. పోయేరోజు మా ముగ్గుర్నీ వరసగా నిలబెట్టి చెప్పాడు. మా అత్తయ్యగారికి రెండోసారి చెప్పాడు.

"అమ్మా, బట్ట తడిపి, గట్టిగ పిండి తుడువుండ్రి. బకెట్ మాత్రం ఈ గదిలకు తేవొద్దు."

"నీళ్లు పొయ్యకపోతే ఇల్లు శుభ్రమెలా అవుతుంది నాయనా?" అని ఆవిడ నవ్వింది. కోనసీమలో పుట్టి, అరవై ఏళ్లు ప్రతి శుక్రవారం గడప నుంచి పెరడు దాకా ఇల్లు కడిగిన మనిషి. మామగారు పోయాక మా దగ్గరికి వచ్చింది. అల్లుడి ఇంట్లో ఉంటున్నానన్న బెరుకు ఆవిడకి ఇప్పటికీ పోలేదు. నేను హాల్లో ఉంటే సోఫాలో కూర్చోదు.

తర్వాత ఏడు వారాలు మేం మనుషుల్లా బతికాం. ఒకరోజు బ్యాంకు ఆఫీసరుగారు లిఫ్టులో కనిపించి, "పాపని ఏదైనా హాస్టల్లో పెట్టారా?" అని దిగులుగా అడిగారు. లేదండీ, ఇప్పుడు కూడా గెంతుతోంది అంటే నమ్మలేదు. ఇంటికి తీసుకొచ్చి చూపించాను. నా పెళ్లయ్యాక అంత నిశ్చింతగా ఉన్న రోజులు లేవు.

ఆ తర్వాత నేను పని మీద పూనా వెళ్లాను. అక్కడ ఉండగా మా ఆవిడ ఫోన్ చేసింది, అమ్మాయి పెద్దమనిషి అయిందని. ఫంక్షన్ ఏమీ వద్దు, ఎవరికీ చెప్పొద్దు అనుకున్నాం. పదిమంది వస్తే అది తట్టుకోలేదు. పైగా వచ్చినవాళ్ల జాలి మేం తట్టుకోలేం. నేను తిరిగొచ్చిన రెండు వారాలకి దాని గదిలో పలకల అతుకులు ఉబ్బి పైకి లేచాయి. అడుగు వేస్తే కిర్రుమనేవి. గెంతితే టకటకమని కొట్టుకునేవి. మర్నాడు కింది నుంచి ఫోన్ వచ్చింది. "మళ్లీ మొదలైందండీ" అన్నారాయన, అంతే నెమ్మదిగా.

ఆయన్ని పిలిచాను. ఆ రోజు నాకు క్లయింటుతో కాల్ ఉంది. ఒక చెవిలో ఆ గొడవ, ఇంకో చెవిలో ఈ గొడవ. ఆయన వచ్చి, చెప్పుల ముక్కలు మోకాళ్లకి కట్టుకుని, ఉబ్బిన చోట చెయ్యి పెట్టి చూశాడు.

"సార్, ఈ నడుమ ఈ గది కడిగిండ్రా?"

"లేదు. ఎవరూ చుక్క నీళ్లు పొయ్యలేదు. మా ఇంట్లో ఎవరైనా పోశారని తేలితే ఆ మనిషి ఈ ఇంట్లో ఉండదు. మీరు తప్పు చేసి మా మీద పెట్టకండి!"

ఈ మాట గట్టిగా అన్నాను. వంటింటి గుమ్మంలో అత్తయ్యగారు నిలబడి ఉంది. అమ్మాయి మూల చాప మీద పడుకుని ఉంది. ఇంతలో కాల్లో నా పేరు పిలిచారు. నేను అటు తిరిగి, కిటికీ వైపు చూస్తూ, డెలివరీ ఎందుకు ఆలస్యమైందో పది నిమిషాలు చెప్పాను. వెనక ఆయన పట్టీ ఊడదీయడం, పలక లేపడం వినపడుతూనే ఉంది. నేను తిరిగేసరికి పలక లేచి ఉంది, అడుగున రబ్బరు శుభ్రంగా ఉంది. ఆయన మోకాళ్ల మీదే ఉన్నాడు.

"నాదే తప్పు సార్. ఈ పక్క గ్యాపు సరిగ ఇడువలే."

"నేను చెప్పలేదూ?"

"అవు సార్. పది రోజులు ఆరనిచ్చి, మల్ల నేనే ఏస్త. నా ఖర్చు మీదనే."

"మీరు ఇంక ఈ నేల ముట్టుకోవద్దు" అన్నాను. ఆయన సామాను సర్దుకున్నాడు. వంటింట్లోకి వెళ్లి మంచినీళ్లు తాగాడు. అమ్మాయి లేచి ఆయన సంచి పట్టుకుంది. అందులో షీట్లు ఉన్నాయనుకుంది కాబోలు. ఆయన దాని తల మీద చెయ్యి పెట్టి, వెళ్లిపోయాడు.

ఎస్కలేషన్ మెయిల్ రాయడంలో మా ఆఫీసులో నాకు పేరుంది. అరవకుండా, తిట్టకుండా, పాయింట్ల వారీగా రాసి అవతలివాణ్ణి లేవకుండా చేస్తాను. ఆ సాయంత్రం మా సొసైటీ గ్రూపులో అలాగే రాశాను. ఉబ్బిన పలకల ఫొటోలు మూడు, ఆయన పేరు, నంబరు, తప్పు తనదేనని ఆయనే ఒప్పుకున్నాడన్న మాట. చివర్లో, మరో కుటుంబం ఇలా మోసపోకూడదనే రాస్తున్నానని కూడా పెట్టాను. భోజనాలు అయ్యేలోపు అరవై మంది చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. మంచి పని చేశారన్నారు.

పది రోజుల తర్వాత ఆయన ఫోన్ చేశాడు.

"సార్, గా మెసేజ్ జర తీసెయ్యరాదుండ్రి. కోకాపేటల ఒక టవర్ పని చేతికొచ్చింది, అది పోయేటట్టున్నది. శాన పరేషాన్ల ఉన్న సార్."

"నేను రాసింది అబద్ధమా?"

అటువైపు దగ్గు వినిపించింది.

"కాదు సార్" అన్నాడు.

"మరి ఎందుకు తీయాలి?"

"సరే సార్. బిడ్డ మంచిగున్నదా?"

బాగానే ఉంది అని పెట్టేశాను. మళ్లీ ఆయన ఫోన్ చేయలేదు.

తర్వాత ఒక పెద్ద కంపెనీ వాళ్లు యూనిఫారాలు వేసుకుని వచ్చారు. పాత రబ్బరు పనికిరాదని చుట్టి పారేశారు. తెల్ల ఫోమ్ వేసి ఒక్క రోజులో పని ముగించారు. నేల చూడ్డానికి అద్దంలా ఉంది. ఆయన చెప్పిన డప్పు చప్పుడే కిందికి వెళ్లింది. కింది ఆవిడ ఇప్పుడు నెలలో సగం రోజులు వాళ్ల చెల్లెలి ఇంట్లో ఉంటోంది. అమ్మాయికి డాక్టరు మందు మార్చాడు. మేం మళ్లీ ష్ అనడం మొదలుపెట్టాం. వేదిక మీద అంతగా నవ్విన పిల్ల ఇప్పుడు గెంతబోయే ముందు ఆగి మా ముఖాల వంక చూస్తుంది. మేం ఏమీ అనకపోయినా చాలాసార్లు కూర్చుండిపోతుంది. ఇన్నాళ్లూ దీనంతటికీ కారణం ఆయనేనని తిట్టుకుంటూ వచ్చాను.

శనివారం షాపు నుంచి వచ్చి అన్నం తింటూ, ఆయన పోయిన సంగతి చెప్పాను. మా ఆవిడ అయ్యో అంది. అత్తయ్యగారు వడ్డిస్తున్న గరిటె గిన్నెలో పెట్టేసింది. గోడ పట్టుకుని నెమ్మదిగా కింద కూర్చుంది.

"బాబూ, ఆ నీళ్లు నేనే పోశాను."

నాకు అర్థం కాలేదు. ఏ నీళ్లు అన్నాను.

"పిల్లకి స్నానం చేయించిన రోజు. మీరు పూనాలో ఉన్నారు, ఇది ఆఫీసుకెళ్లింది. పేరంటం లేదు, పిల్లకి చీర కట్టలేదు, నలుగురు అక్షింతలు వెయ్యలేదు. దానికి ఏ ముచ్చటా జరగలేదు బాబూ. పసుపు నీళ్లు నాలుగు చుక్కలు చిలకరిద్దామనే అనుకున్నాను. చెయ్యి ఆగలేదు. రెండు బకెట్లు పోసి గదంతా కడిగేశాను. గంటలో గుడ్డతో ఒత్తి ఆరబెట్టేశాను, ఏమీ కాలేదనుకున్నాను."

మా ఆవిడ, "అమ్మా" అని మాత్రం అంది.

"ఆ రోజు ఆయన పలక లేపితే అడుగంతా పచ్చగా ఉంది. మీరు ఫోన్లో అటు తిరిగి ఉన్నారు. భుజం మీది తువ్వాలు తీసి ఆ పసుపంతా తుడిచేశాడు. పచ్చటి వైపు లోపలికి మడిచి సంచిలో పెట్టుకున్నాడు. నా వంక చూశాడు, పిల్ల వంక చూశాడు. ఆయనకి అంతా తెలిసిపోయింది. మంచినీళ్లకని వంటింట్లోకి వస్తే దణ్ణం పెట్టాను."

"ఏమన్నాడు?"

"'ఊకోండమ్మా. నాకు ఇంకో ఇంట్ల పని దొరుకుతది. మీరేడికి పోతరు?' అన్నాడు బాబూ."

అరుద్దామని నోరు తెరిచాను. ఎవరి మీద అరవాలి? ఈ ఇంట్లో ఉండదు అన్నది నేను. ఆ ఒక్క మాట విని ఇద్దరు మనుషులు భయపడ్డారు. ఒకావిడ నోరు మూసుకుంది. ఇంకొకాయన నాకు నచ్చే అబద్ధం చెప్పి, దాని కోసం పనీ పేరూ పోగొట్టుకుని, ఒకసారి ముక్కు పోగొట్టుకున్న ఆ గాలిలోకే తిరిగి పోయాడు. మెసేజ్ తీసెయ్యమని అడిగినప్పుడు కూడా, నిజం ఇదీ అని ఆయన అనలేదు. అని ఉంటే నమ్మేవాణ్ణా అంటే, నమ్మేవాణ్ణి కాదు. అత్తయ్యగారిని గుమ్మంలో నిలబెట్టి అడిగేవాణ్ణి. అది ఆయన నన్ను చూడగానే గ్రహించాడు. నేల మీద చెంప పెట్టి చెమ్మ ఎక్కడుందో చెప్పిన మనిషికి నేనెలాంటివాణ్ణో తెలుసుకోవడం ఎంతసేపు?

ఆయన ఇంటికి వెళ్లాలనుకున్నాను. అడ్రసు కూడా షాపతని దగ్గర తీసుకున్నాను. ఆయన భార్య ఎదురుగా నిలబడి ఏ మాటతో మొదలుపెట్టాలో నాకు తెలియలేదు. పైగా మా అమ్మాయి సంగతీ, మా అత్తయ్యగారి సంగతీ చెప్పకుండా నిజం చెప్పడం కుదరదు. ఆయన దాచిపెట్టినవి అవే. అలా రెండుసార్లు లింగంపల్లి చౌరస్తా దాకా వెళ్లి వెనక్కి వచ్చాను.

ఆఖరికి నాకు చేతనైన పనే చేశాను. గ్రూపు తెరిచి పాత మెసేజ్ వెతికాను. ఇన్ని నెలల తర్వాత అది తీసెయ్యడానికి వీల్లేదు. దాని కిందే కొత్తది రాశాను. తప్పు మా ఇంటిదని, మేమే నీళ్లు పోసి పాడుచేశామని, చప్పుడు ఆపడంలో అంతటి పనివాణ్ణి నేను చూడలేదని, ఆయనకి అన్యాయం చేశానని రాశాను. ఆయన చనిపోయాడని మాత్రం రాయలేకపోయాను. ఆ వాక్యం మూడుసార్లు టైపు చేసి మూడుసార్లు చెరిపాను. అది కూడా రాస్తే, చంపింది ఎవరో అందరికీ తెలుస్తుందని భయపడ్డాను.

ఈసారి అరవై మంది రాలేదు. నలుగురు బొటనవేలి బొమ్మలు పెట్టారు. కాసేపటికి వేరే బ్లాకు నుంచి, నేనెప్పుడూ చూడని ఒకావిడ రాసింది.

"చాలా థ్యాంక్సండీ. మా బాబు కూడా ఇలాగే గెంతుతాడు. ఇప్పటికి రెండిళ్లు మారాం, ఇక్కడ కూడా కింది వాళ్లు గొడవ చేస్తున్నారు. పాత మెసేజ్ చూసి ఆయన్ని పిలవడం మానేశాం. ఆ నంబరుకి చేస్తే స్విచ్చాఫ్ వస్తోంది. కొత్త నంబరు ఉంటే పంపిస్తారా? ఆయన ఏ రోజు వస్తానంటే ఆ రోజు సెలవు పెట్టుకుంటాం."

నేను జవాబివ్వలేదు. ఇవాళ పొద్దున ఆవిడ మళ్లీ అడిగింది.